అర అంగుళం తక్కువ కిటికీ

టేపు పెద్దమ్మది అనుమానపు బుద్ధి అని ఆ మూడంతస్తుల ఇంట్లో కాపురమున్నవాళ్ళంతా అంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. అనుమానపు బుద్ధి ఉన్నవాళ్ళు ఊరికే అనుమానపడి ఊరుకుంటారు. పెద్దమ్మ ఊరుకోదు, తేల్చుకుంటుంది. పాలవాడు కొలిచి పోసిన పాలు లోపలికి తీసుకెళ్ళి తన గ్లాసుతో మళ్ళీ కొలుస్తుంది. డాక్టరు మాత్ర రాసిస్తే అది దేనికో మందుల షాపులో ఒకసారి, ఇంటికొచ్చి కోడల్ని ఒకసారి అడిగి, ముగ్గురి మాటా కలిస్తేనే మింగుతుంది. ఈలోపు జ్వరం దానంతటదే తగ్గిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

పొద్దున మొహం కడుక్కోగానే మెళ్ళో కొలత టేపు వేసుకుంటే మళ్ళీ పడుకోబోయే ముందే తీస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మూడో తరగతితో చదువు ఆగిపోయింది. లెక్క తప్పు చేశావని మాస్టారు అన్నాడు, తప్పు బోర్డు మీదే ఉందని ఈవిడ అంది. ఎవరిది తప్పో తేలకుండానే బడి అయిపోయింది. పధ్నాలుగో ఏట ఒక దర్జీ మేస్త్రీ దగ్గర గుండీలు కుట్టడానికి కూర్చుని, పద్దెనిమిదో ఏటికి కత్తెర పట్టి, ఏవేవో కుట్టి, చివరి ఇరవై రెండేళ్ళుగా మాత్రం ఒకే పని చేస్తోంది: ఆసుపత్రి నర్సులు వేసుకునే తెల్ల కోట్లు. యూనిఫారాల షాపు వాళ్ళు గుడ్డ తాను పంపిస్తారు, ఈవిడ నలభై నలభై చొప్పున కుట్టి పంపిస్తుంది. రెండో అంతస్తులో ఉన్న ఆ ఇల్లు ఈవిడ కుట్టుతోనూ, మొగుడు ముప్పై ఏళ్ళు లిఫ్టు నడిపిన జీతంతోనూ కొన్నది. కొడుకు సరుకు లారీల కంపెనీలో పని, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. కోడలు ఆసుపత్రిలో రక్తం పరీక్షలు చేస్తుంది, ఆవిడది రాత్రి డ్యూటీ.

ఇంటి ముందు రోడ్డు వెడల్పు చేసి ఏడాది దాటింది. అప్పట్నుంచీ లారీలన్నీ ఇటే. కుట్టుపని గదికి, వంటింటికి, కోడలు పడుకునే గదికి, మూడింటికీ కిటికీలు రోడ్డు వైపే. అవి చెక్క కిటికీలు. ఎండకి ఎండి, వానకి ఉబ్బి, రెక్కకీ చట్రానికీ మధ్య వేలు దూరేంత సందు ఏర్పడింది. కుట్టు గదిలో కిటికీకి గడియ ఎప్పుడో ఊడిపోతే పెద్దమ్మ తెల్ల నాడాతో రెక్కలు రెండూ కలిపి ముడి వేసింది. పగిలిన అద్దానికి కాగితం అంటించింది. పై గోడలో చెమ్మ వచ్చిన చోట మాత్రం ఏమీ చెయ్యలేదు, అది చూసి చూసి అలవాటైపోయింది.

ఒకరోజు యూనిఫారాల షాపాయన స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. చేతిలో పదకొండు కోట్లు.

"పెద్దమ్మా, ఇది చూడండి," అని ఒక కాలరు మడత విప్పాడు. మడత లోపల పాల తెలుపు. మడత బయట బూడిద రంగు.

"మీ షాపులో పడి ఉంటుంది."

"మా షాపులో ఏసీ వేసి తలుపులు మూసి ఉంచుతాం."

"అయితే ఆటోలో."

"మూట కట్టి కుట్టేసి పంపారు కదా మీరు. ఆటోవాడు మీ కుట్టు విప్పి, మసి పూసి, మళ్ళీ మీలాగే కుట్టాడంటారా?"

మాటలో ఓడినప్పుడు పెద్దమ్మ ఎదుటివాడి చొక్కా కుట్టు వైపు చూస్తుంది. చూసింది. బాగానే ఉంది. అది ఇంకా ఒళ్ళు మండించింది.

"ఇది రెండోసారి. మీ మీద గౌరవం కొద్దీ ఆగాను," అన్నాడాయన. "ఇంకొక్కసారి మాసిన కోట్లు వస్తే వరసగా మిషన్లు పెట్టి కుట్టించే ఆ మిషన్ల హాలు వాళ్ళకి పని ఇచ్చేయక తప్పదు. వచ్చే నెల మొదట్లో నలభై కావాలి. తెల్లగా."

ఆయన వెళ్ళాక పెద్దమ్మ ఆ పదకొండు కోట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పని పోతే అన్నానికేమీ లోటు రాదు. కొడుకు పంపుతాడు, కోడలు తెస్తుంది. కానీ వాళ్ళు తెచ్చింది తిని కూర్చునే మనిషి మాటకి ఇంట్లో ఎంత విలువ ఉంటుందో ఆవిడకి తెలుసు. మొగుడు ఉద్యోగం మానేసిన దగ్గర్నుంచీ రోజూ చూస్తూనే ఉంది.

అయినా షాపాయన మాట నమ్మలేదు. నాలుగు తెల్ల గుడ్డముక్కలు కత్తిరించి ఒకటి కుట్టుమిషను మీద, ఒకటి మంచం మీద, ఒకటి బీరువాలో, ఒకటి బాత్రూములో పెట్టింది. సాయంత్రం నాలుగూ పక్కపక్కన పరిచి చూసింది. బీరువాలోది తెల్లగా ఉంది. మిషను మీది ముక్క ఆ పదకొండు కోట్ల కాలర్ల రంగులో ఉంది. ఇక అనుమానించడానికి ఎవరూ మిగల్లేదు. దొంగ ఇంట్లోనే, గోడలోనే, నాడా కట్టుకుని కూర్చుని ఉంది.

మర్నాడు పొద్దున డ్యూటీ నుంచి వచ్చిన కోడలు సంగతంతా విని, "అత్తయ్యా, కిటికీలు మార్పించేద్దాం," అంది.

"ఎప్పట్నుంచి అనుకుంటున్నావ్?"

"ఇప్పుడే అనుకున్నాను."

"ఇప్పుడే అనుకుంటే ఆ పర్సులోంచి తీస్తున్న కాగితం ఏంటి?"

కోడలు ముఖం కొంచెం ఎర్రబడింది. "మా ల్యాబులో ఒకావిడ వాళ్ళింట్లో పెట్టించుకుంది. ఆ మనిషి నంబరు. రెండు అద్దాల కిటికీలట. మూస్తే దుమ్ము రాదు, మోత రాదు."

"దుమ్ము సంగతి నేను చెప్పాను. మోత సంగతి ఎవరు చెప్పారు?"

"రెండూ ఒకటే కదా అత్తయ్యా," అంటూ కోడలు కళ్ళు నులుముకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇందులో ఈ పిల్లకి ఏదో ఉంది, అనుకుంది పెద్దమ్మ. కమీషనా? కమీషను తినే రకం కాదు. గది మీద కన్ను పడిందేమో. కిటికీలు మార్చాక ఇంత మంచి గదిలో మిషనెందుకు, వరండాలో పెడదాం అంటుందేమో. ఏదో ఉంది. అది తేలేదాకా కళ్ళు తెరుచుకుని ఉండాలి.

కిటికీలాయన రెండు రోజుల తర్వాత వచ్చాడు. లావుపాటి మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు, మాట మాత్రం మెల్లగా ఉంది. జేబులోంచి సబ్బుబిళ్ళంత పెట్టె తీసి కిటికీ ఒక అంచున ఆనించాడు. అవతలి అంచు మీద ఎర్రటి చుక్క పడింది. పెట్టె మీద అంకెలు వచ్చాయి. కాగితం మీద రాసుకున్నాడు.

"టేపు లేదా?" అంది పెద్దమ్మ.

"ఇదే టేపు అమ్మా."

"చుక్కతో కొలవడం నేనెక్కడా చూళ్ళేదు. చుక్క ఎటు పడితే అటే అంకె."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆవిడకి నచ్చలేదు. ఆయన తెచ్చిన మచ్చుముక్క అడిగి తీసుకుని, కోటును తిరగేసి లోపలి కుట్టు చూసినట్టు, దాన్ని కోసిన వైపు నుంచి లోపలికి చూసింది. తెల్ల ప్లాస్టిక్ గొట్టం, అందులో గదులు, నడి గదిలో ఇనుము. రబ్బరు పట్టీ గోటితో లాగింది, రాలేదు. పంటితో లాగబోతే మొగుడు దగ్గాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఏమీ దొరకలేదంటే అది ఎక్కడో లోతుగా ఉందన్నమాట.

కొలతల కాగితం చూసేసరికి దొరికింది.

కుట్టు గది కిటికీని ఆవిడ ముందు రోజే కొలిచి పెట్టుకుంది. చెక్క చట్రం బయటి అంచు నుంచి బయటి అంచు దాకా నలభై ఎనిమిది. ఆయన రాసింది నలభై ఏడున్నర. వంటింటిది ముప్పై. ఆయన రాసింది ఇరవై తొమ్మిదిన్నర.

"ఈ అర అంగుళం ఎవరింటికి పోయింది?" అంది.

"ఎక్కడికీ పోలేదమ్మా. అంత తగ్గించే చేస్తాం. చుట్టూ కాస్త ఖాళీ ఉండాలి, తర్వాత దాంట్లో గట్టిపడే నురగ నింపుతాం."

"డబ్బులు నలభై ఎనిమిదికి తీసుకుని కిటికీ నలభై ఏడున్నరకి ఇచ్చి, మిగతాది నురగతో నింపుతారా?"

"డబ్బులు కూడా నలభై ఏడున్నరకే అమ్మా."

"నలభై అయిదేళ్ళనుంచి కత్తెర పడుతున్నాను. మనిషి ఒంటికంటే తక్కువ గుడ్డ కత్తిరించిన దర్జీని చూళ్ళేదు నేను. కుట్టులోకి పోయేదానికి అర అంగుళం ఎక్కువ వదులుతాం గానీ తక్కువ చెయ్యం."

"కిటికీ గుడ్డ కాదు కదమ్మా, సాగదు..."

"అర అంగుళాల సంగతి నాకు చెప్పకండి," అని పెద్దమ్మ కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టింది.

అర అంగుళాల సంగతి ఆవిడకి నిజంగానే తెలుసు. పని నేర్పిన దర్జీ మేస్త్రీ ప్రతి గిరాకీ గుడ్డలోనూ అంచు వెంట అర అంగుళం మిగిల్చేవాడు. ఆయన కూతుళ్ళిద్దరూ ఏడాది పొడుగునా రంగురంగుల చారల గౌన్లు వేసుకునేవాళ్ళు. వీధిలో అందరూ ఆ గౌన్లు భలే ఉన్నాయని మెచ్చుకునేవాళ్ళు, ఆ చారల్లో తమ చొక్కాలు ఉన్నాయని ఎవరికీ తెలియదు. ఈయన కిటికీకి అర అంగుళం చొప్పున వంద ఇళ్ళలో మిగిలిస్తే సొంతిల్లంతా కిటికీలే పెట్టుకోవచ్చు.

కిటికీలాయన పెట్టె జేబులో వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మొగుడు ఏదో గొణిగాడు. కింద లారీ హారన్ మోగింది. ఏమన్నాడో పెద్దమ్మ అడగలేదు.

సందు చివర అల్యూమినియం కిటికీలు చేసే కొట్టు ఒకటుంది. ఆ కొట్టతను ఏం చెప్పినా "సరేనమ్మా" అంటాడు. వీధి వీధంతా అతన్ని సరేనమ్మ అనే పిలుస్తుంది. పెద్దమ్మ అతని దగ్గరికి వెళ్ళింది. ఏ పనైనా ముందు ఒక మచ్చు కోటు కుట్టి చూపించాకే నలభై కుట్టే మనిషి కాబట్టి, వంటింటి కిటికీ ఒక్కటే చెయ్యమంది. అంతవరకూ బుద్ధిగానే ఉంది. కొలత దగ్గర మాత్రం తన అలవాటు పోనిచ్చుకోలేదు. ముప్పైకి అటు అర అంగుళం, ఇటు అర అంగుళం కుట్టుకి వదిలి, ముప్పై ఒకటి అని రాసిచ్చింది. ఎత్తుకీ అంతే.

"సరేనమ్మా," అన్నాడతను.

"ధర ఎక్కువ చెబుతున్నావు."

"సరేనమ్మా, తగ్గిస్తాను."

"అందరికీ ఇలాగే అంటావా?"

"సరే... లేదమ్మా, మీకే."

ఆరో రోజున కిటికీ వచ్చింది. సరేనమ్మ పాత చెక్క చట్రం పీకి కిందికి దించేశాడు. గోడలో పెద్ద కంత, కంతలోంచి రోడ్డు, లారీలు, మసి, అన్నీ నేరుగా పొయ్యి మీదికి. కొత్త కిటికీ ఎత్తి పెట్టబోతే పట్టలేదు. పక్కకి వంచి చూశాడు. పట్టలేదు. తలకిందులు చేసి చూశాడు.

"తలకిందులు చేస్తే చిన్నదవుతుందా?" అన్నాడు మొగుడు. ఆయన నోటెంట వారానికి ఒక మాట వస్తుంది, ఆ వారానికి అదే.

"మీరిచ్చిన కొలతే చేశానమ్మా," అన్నాడు సరేనమ్మ. "ఏం పర్లేదు, గోడ కాస్త చెక్కేద్దాం." ఉలి పెట్టి రెండు దెబ్బలు వేశాడు. గోడ కాస్త చెక్కించుకోలేదు. జానెడు పెచ్చు ఊడి, ఇటుకలో సగం ముక్కతో సహా పొయ్యి పక్కన పడింది. మూడో దెబ్బ పడకముందే పెద్దమ్మ అతని చేతిలో సుత్తి లాక్కుంది.

ఆ పూట దుప్పటి ఒకటి మేకులతో కొట్టి కంత మూశారు. దుప్పటి పడవ తెరచాపలా ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. నలభై కోట్ల గుడ్డ కత్తిరించి సిద్ధంగా ఉంది. ఇవ్వాల్సిన గడువు ఇంకా పద్దెనిమిది రోజులు. ఇంట్లో ఇంత మసి దూరుతుంటే తెల్లగుడ్డ విప్పడమే పాపం. పెద్దమ్మ ఆ ముక్కలన్నీ రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి పరుపు కింద దాచి, మిగిలిపోయిన ఆ పదకొండు కోట్లు ఉతికి ఆరేసినవి తెచ్చుకుని, ఊడిన గుండీలు కుడుతూ కూర్చుంది. చేతులు ఊరుకుంటే ఆవిడకి పిచ్చెక్కుతుంది.

కొత్త గుండీలు పాతవాటికంటే ఇసుమంత పెద్దవి. ఒకటి కుట్టి, కాజాలో దూర్చి చూసింది. దూరలేదు. గుండీ అంటే కాజాకంటే కాస్త చిన్నది ఉండాలి. కాజా ఎంతో గుండీ అంతే ఉంటే దూరదు, పెద్దదైతే గుడ్డ చినుగుతుంది. ఈ సంగతి ఆవిడ పధ్నాలుగో ఏటనుంచీ తెలిసిందే, గుండీ కొనేటప్పుడు ఆలోచించను కూడా ఆలోచించదు.

కుట్టిన గుండీని విప్పి చేతిలో తిప్పి చూసింది. ఇన్ని రోజులూ కిటికీ అంటే గోడకి తొడిగే కోటు అనుకుంది. కోటు కాదు, గుండీ. గోడ కాజా.

"ఏవండీ," అంది చివరికి. "కిటికీ గోడకంటే చిన్నదే ఉండాలి."

"ఊఁ. లిఫ్టూ అంతే. గోడకి ఆనితే కదలదు."

"ముప్పై ఏళ్ళు లిఫ్టులో నిలబడి ఆ మాట ఇప్పుడా చెప్పేది?"

"ఆ మనిషి ఉండగానే చెప్పాను. లారీవాడు హారన్ కొట్టాడు, నీకు వినపడలేదు. నా మాట నాకే వినపడలేదు, ఇంక మళ్ళీ చెప్పలేదు."

పెద్దమ్మకి తప్పు ఒప్పుకోవడం రాదు. నేర్చుకోవలసిన అవసరం అంతవరకూ రాలేదు. కోడలి ఫోనులోంచి కిటికీలాయనకి ఫోను చేసి, "మా వంటింటి గోడ కొలత మారింది. వచ్చి చూసుకోండి," అని పెట్టేసింది.

ఆయన వచ్చాడు. దుప్పటి ఎత్తి చూశాడు. పెచ్చూడిన గోడ చూశాడు. మూలన ఆనించి ఉన్న అల్యూమినియం కిటికీ చూశాడు. పెద్దమ్మ మెడ వైపు చెయ్యి చాపి, "టేపు ఇస్తారా అమ్మా," అన్నాడు. ఈసారి ఆవిడ టేపుతోనే కొలిచాడు.

ఇది పెద్దమ్మకి మరీ అనుమానంగా తోచింది. దొంగ అన్నంత పని చేసి పంపితే మనిషన్నవాడికి కోపం రావాలి. రాలేదంటే ఏమిటర్థం?

"మీకు కోపం రాలేదా?" అని అడిగేసింది.

"వచ్చిందమ్మా. కింద టీ కొట్టు దాకా ఉంది."

"తర్వాత?"

"టీ బాగుంది."

ఆ జవాబుతో ఆవిడ సమాధానపడలేదు. ధర మళ్ళీ అడిగింది. మూడు కిటికీలకి ఆయన చెప్పిన మొత్తం మనసులో తను కుట్టే కోట్ల లెక్కలోకి మార్చి చూసుకుంది. పధ్నాలుగు నెలల కుట్టు. మూలనున్న అల్యూమినియం కిటికీ లాంటివి మూడు కలిపినా దాంట్లో మూడో వంతు కూడా కాదు. సరేనమ్మ కొలత సరిచేసి మళ్ళీ చేస్తానంటూనే ఉన్నాడు. తప్పు కొలతది గానీ కిటికీది కాదు కదా. మరి ఈయనదే ఎందుకు కొనాలి?

తేల్చుకోవడానికి ఆవిడకి ఒక ఉపాయం తోచింది. గట్టి దారం ఒక బారెడు తెంపి, అల్యూమినియం కిటికీ రెక్కకీ చట్రానికీ మధ్య పెట్టి రెక్క మూసింది. రెండు వేళ్ళతో దారం లాగింది. వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చేసింది. దారం వచ్చిన చోట మసి రాదా?

"మీ కిటికీలు చేసే చోటు ఎక్కడ?" అంది. "నేనొచ్చి చూస్తాను. ఇవాళే. రేపంటే సర్దిపెడతారు."

మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆయన ఆటోలోనే వెళ్ళింది. పెద్ద రేకుల షెడ్డు. గొట్టాలు కోసే మిషను కీచుమంటోంది. ఒకచోట రెండు ముక్కల అంచులు కాల్చి కలిపి ఒత్తుతున్నారు, మేకూ మరా లేకుండానే మూల అతుక్కుంటోంది. ముందు భాగంలో నిగనిగలాడే కిటికీ ఒకటి నిలబెట్టి ఉంది. కిటికీలాయన అటు చెయ్యి చూపించాడు.

"చూపించడానికి పెట్టింది ఎప్పుడూ బాగానే ఉంటుంది," అని పెద్దమ్మ దాన్ని దాటుకుని వెనక్కి వెళ్ళింది. అక్కడ ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళాల్సిన కిటికీలు పేర్ల చీటీలతో వరసగా ఆనించి ఉన్నాయి. మొదటిదానిలో దారం పెట్టి, పిడి తిప్పి, లాగింది. దారం రాలేదు. గట్టిగా లాగితే తెగింది. రెండోది, మూడోది, నాలుగోది, అన్నీ అంతే. పనివాళ్ళు పని ఆపి చూస్తున్నారు. మొగుడు తనకేమీ సంబంధం లేనట్టు పైకప్పు చూస్తున్నాడు.

అయిదోదానిలో, కింది మూల దగ్గర, దారం వచ్చేసింది.

పెద్దమ్మ దారం కొస పట్టుకుని కిటికీలాయన వైపు తిరిగింది. ఇప్పుడేమంటాడో వినాలని ఒళ్ళంతా చెవులు చేసుకుంది. దారం సన్నదంటాడా, నేను సరిగ్గా పెట్టలేదంటాడా, గోడలో బిగిస్తే సరిపోతుందంటాడా. ఇలాంటి మాటలు ఆవిడ జీవితంలో చాలామంది దగ్గర విన్నది, కొన్ని తనే అన్నది.

ఆయన ఆ దారం తీసుకుని తనే పెట్టి లాగి చూశాడు. వచ్చింది. సుద్దముక్కతో అద్దం మీద పెద్ద ఇంటూ గుర్తు గీసి, "ఇది విప్పండి. బండెక్కించకండి," అని పనివాళ్ళకి చెప్పాడు. తర్వాత పెద్దమ్మతో, "ఈ దారం మా దగ్గర ఉంచుతారా?" అన్నాడు.

కుట్టు తప్పని చెబితే వాదించే దర్జీని, మాట్లాడకుండా కుట్టు విప్పే దర్జీని ఆవిడ ఇద్దర్నీ చూసింది. రెండో రకం వాళ్ళు నలభై అయిదేళ్ళలో ముగ్గురు తగిలారు.

"ఎన్ని రోజులు పడుతుంది?" అంది.

"ఎనిమిది."

"నాకు నలభై కోట్లు ఇచ్చే గడువుంది. తొమ్మిదో రోజైతే కిటికీలు మీ ఇంట్లోనే పెట్టుకోండి. కొలత ఎంత రాశారు?"

"నలభై ఏడున్నర అమ్మా."

"అలాగే కానివ్వండి," అంది పెద్దమ్మ, ఆ అర అంగుళం తనే దయతలచి వదిలిపెట్టినట్టు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి మూడు కిటికీలూ గోడల్లో ఉన్నాయి. ప్రతిదానికీ నాలుగు మూలలా దారం పెట్టి లాగి, పన్నెండు సార్లూ రాకపోతేనే డబ్బు చేతిలో పెట్టింది. రోజంతా ఇల్లు కడిగింది. ఆ తర్వాత పరుపు కింది సంచులు బయటికి తీసి, అయిదు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషను దిగలేదు. కాజాలు చేత్తో కుట్టడానికి ఇంకో రెండు రోజులు.

కోట్లు ఆటోలో పంపలేదు. తనే తీసుకెళ్ళి షాపాయన బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఉంచి వెళ్ళండి పెద్దమ్మా, చూసి చెబుతాను."

"నేనుండగానే చూడండి. నేను వెళ్ళాక మీ షాపులో ఏమవుతుందో నాకేం తెలుసు."

నలభై కాలర్లూ విప్పించింది. ముప్పై తర్వాత ఆయన చాలన్నాడు. ఆవిడ చాలనలేదు. నలభయ్యోది మడతపెట్టి ఆయన లోపల్నుంచి కొత్త తాను తెప్పించాడు.

"ఈసారి అరవై. మిషన్ల హాలు వాళ్ళవి కూడా మీరే కుట్టాలి. వాళ్ళ కాజాలు రెండు ఉతుకులకే విడిపోతున్నాయట."

పెద్దమ్మ తాను అంచు విప్పి, టేపు పెట్టి కొలిచి, చంకలో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున కిటికీ మూసి మిషను ముందు కూర్చుంది. అద్దం అవతల లారీలు వెళుతున్నాయి గానీ, ఎవరో నోరు నొక్కేసినట్టు వెళుతున్నాయి. కొంచెంసేపు కుట్టి దారం మార్చడానికి ఆగింది. అప్పుడు పక్క గదిలోంచి మాటలు వినిపించాయి. డ్యూటీ నుంచి వచ్చిన కోడలు మామగారితో మాట్లాడుతోంది. ఏడాదిగా రోడ్డు మోతలో మాట్లాడుకున్న అలవాటు కొద్దీ ఇద్దరూ గొంతు తగ్గించలేదు.

"నిద్ర పోవట్లేదేంటమ్మా?" అంటున్నాడు ఆయన.

"ఎలా పోను మావయ్యా. ఇదివరకు లారీల మోతలో అత్తయ్య మిషను వినపడేది కాదు. ఇప్పుడు లారీలు పోయి మిషను ఒక్కటే మిగిలింది. సరిగ్గా నా తల పక్కనే."

"చెప్పు మరి."

"ఏమని చెప్పను? కిటికీలు పెట్టించమన్నది నేను. ఇప్పుడు మిషను ఆపమంటే, ఓహో ఇందుకా పెట్టించావ్ అనరూ?"

"ఇందుక్కాదా?"

కోడలు నవ్వింది. "కోట్ల కోసం సగం మావయ్యా. సగం నా నిద్ర కోసమే. ఏడాదైంది నేను పగలు కంటినిండా పడుకుని."

పెద్దమ్మ దారం ఉండ కింద పెట్టింది. ఏదో ఉందని మొదటి రోజే అనుకుంది. ఉంది. తన లెక్క తప్పలేదు. ఆ ఆనందంలో ఒక నిమిషం పాటు ఆవిడ కోడల్ని తిట్టుకోవడం కూడా మరిచిపోయింది. తర్వాత కోడలి కళ్ళ కింద నలుపు గుర్తొచ్చింది. అది పౌడరు సరిగ్గా రాయకపోవడం వల్లనే ఏడాదిగా అనుకుంటోంది.

"అమ్మాయ్," అంది గోడ వైపు తిరిగి, మామూలు గొంతుతోనే. "తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా నేను కాజాలు చేత్తో కుడతాను. మిషను తొక్కను. పడుకో."

సూదుల డబ్బా దగ్గరికి లాక్కుంది.

"ఇంకోటి. ఇకమీద నా సంగతులు మాట్లాడుకోవాలంటే వంటింట్లోకి వెళ్ళి మాట్లాడుకోండి. ఇక్కడ వినిపిస్తోంది."

మంచం కిర్రుమన్న చప్పుడు, మొగుడు చెప్పులు వేసుకుని మెల్లగా జారుకున్న చప్పుడు, రెండూ స్పష్టంగా వినిపించాయి. ఈ ఏడాదంతా ఆ గోడ అవతల ఇద్దరూ తన గురించి ఇంకా ఏమేం మాట్లాడుకుని ఉంటారా అని ఆలోచిస్తూ, పెద్దమ్మ సూదిలోకి దారం ఎక్కించింది.